డాన్యూబ్ మీద ఎనిమిది రోజులు: లాకులు, తీసిన నీళ్లు, మధ్యలో మారిన ఓడ

సెప్టెంబరు 6. జర్మనీలోని న్యూరెంబర్గ్ నుంచి హంగరీ రాజధాని బుడాపెస్ట్ దాకా మా ఓడ ప్రయాణం. న్యూరెంబర్గ్ రేవులో ఓడ ఎక్కే సమయం మధ్యాహ్నం మూడు గంటలని కాగితాల్లో ఉంది. మేం ఒంటిగంటకే చేరాం. పెట్టెలు తీసుకుని చీటీలు కట్టారు గానీ గదులు ఇవ్వలేదు. పాతవాళ్లు ఉదయం తొమ్మిదికి దిగిపోతారు, కొత్తవాళ్లు మూడుకు ఎక్కుతారు. మధ్యలో ఉన్న ఆ ఆరు గంటల్లోనే గదులన్నీ కడిగి పక్కలు మార్చాలి, కూరగాయలు, తాగునీళ్లు ఎక్కించుకోవాలి, చెత్త దించాలి. కాబట్టి ముందు వెళ్తే లాంజ్‌లో కూర్చోబెట్టి టీ ఇస్తారు, అంతకుమించి ఏమీ జరగదు. మందులు, చార్జరు, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉంచుకుంటే చాలు. పెట్టె మా గది ముందుకు వచ్చేసరికి నాలుగైంది.

రిసెప్షన్‌లో పాస్‌పోర్టులు తీసేసుకున్నారు. అవి దిగేదాకా వాళ్ల దగ్గరే ఉంటాయని ముందు తెలియక చాలామంది కంగారుపడ్డారు. దారిలో ఎక్కడైనా పోలీసులు తనిఖీకి వస్తే ఓడవాళ్లే అందరివీ ఒకేసారి చూపిస్తారట. ఫొటో పేజీ, వీసా పేజీ జిరాక్సు తీసి జేబులో ఉంచుకుని ఊళ్లోకి వెళ్లడం మంచిది. ఓడలో ఖర్చులకని క్రెడిట్ కార్డు మీద కొంత మొత్తం ఆపి ఉంచారు. చివర్లో వదిలేస్తారు గానీ మా బ్యాంకులో అది తిరిగి కనబడడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఉన్న కార్డు ఒక్కటే అయితే ఆ లెక్క ముందే చూసుకోవాలి. గది తాళం కార్డుతో పాటు నంబరు ఉన్న ఇంకో కార్డు ఇచ్చారు. ఒడ్డుకు దిగేటప్పుడు దాన్ని పట్టుకెళ్లాలి, తిరిగి రాగానే రిసెప్షన్‌లో ఇచ్చేయాలి. ఒడ్డున ఎందరున్నారో లెక్క తెలిసేది దాంతోనే. ఇవ్వడం మర్చిపోయి గదిలోకి వెళ్లి పడుకుంటే, మీరింకా ఊళ్లోనే ఉన్నారనుకుని ఓడ ఆగిపోతుంది. ఒక రోజున ఒకరి వల్ల ఇరవై నిమిషాలు అలాగే ఆగాం.

మా ఓడ పొడవు 110 మీటర్లు, వెడల్పు 11.4 మీటర్లు. అంత పొడవు పెట్టి వెడల్పు ఎందుకు పిసినారితనంగా ఉంచారంటే, మైన్ నదినీ డాన్యూబ్‌నూ కలిపే మైన్–డాన్యూబ్ కాలువ మీద లాకు గదుల (తలుపులు మూసి, నీళ్లు నింపి లేదా తీసి ఓడను ఎత్తే, దించే గదుల) వెడల్పు 12 మీటర్లే. అటు ముప్ఫై, ఇటు ముప్ఫై సెంటీమీటర్లు మిగులుతాయి. ఓడలో ఏ గది చూసినా, ఏ నడవ చూసినా కొలత అక్కడి నుంచే వచ్చింది. మా గదిలో మంచానికీ గోడకీ మధ్య ఒకరు నడిచే చోటు ఉంది, ఇద్దరు తప్పుకునే చోటు లేదు. పెట్టెలు మంచం కిందే పట్టాలి. గట్టి ప్లాస్టిక్ పెట్టె అయితే ఎత్తు కొలుచుకుని తెచ్చుకోవాలి, లేదంటే వారమంతా కాళ్లకు తగులుతూనే ఉంటుంది. గదిలో కెటిల్ పెట్టనివ్వరు, అది నిప్పు భయం వల్ల. లాంజ్ పక్కన కాఫీ యంత్రం రాత్రంతా పనిచేస్తుంది. మరుగుదొడ్డి గాలితో లాగే రకం. అందులో టిష్యూ కాగితం ఎక్కువ వేస్తే ఒక్క గదికే కాదు, ఆ వరుస మొత్తానికీ ఆగిపోతుంది.

ఏ గది తీసుకోవాలన్నది ఇప్పుడైతే కచ్చితంగా చెప్పగలను. అన్నిటికంటే కింది అంతస్తులో కిటికీ తెరుచుకోదు, నీటికి జానెడు పైన ఉంటుంది. అక్కడ వెనక వైపు గదుల్లో ఇంజను అదురు, ముందు వైపు గదుల్లో ముక్కు దగ్గరి పక్క పంకా రొద. లాకులోకి దూరేటప్పుడూ, రేవుకు ఆనించేటప్పుడూ ముక్కును పక్కకు నెట్టడానికి ఆ పంకా తిప్పుతారు. తెల్లవారుజామున మూడుకు అది మొదలైతే తలగడ కింద గ్రైండరు తిరిగినట్టే ఉంటుంది. మధ్య అంతస్తులో, ఓడ నడుముకు దగ్గరగా ఉన్న గది అన్నిటికంటే మేలు. కుడి వైపా, ఎడమ వైపా అని బెంగ పెట్టుకోనక్కర్లేదు. దిగువకు పోయే ఓడ రేవు కట్టే ముందు గిర్రున వెనక్కి తిరిగి ప్రవాహానికి ఎదురుగా నిలబడుతుంది. పొద్దున నది కనబడిన కిటికీలో మధ్యాహ్నం రేవు గోడ కనబడుతుంది.

మొదటి సాయంత్రం లైఫ్ జాకెట్లు వేసుకుని అందరం లాంజ్‌లో నిలబడాలి, పావుగంట పని. ఆ తర్వాత ఆరూ ముప్పావుకు మర్నాటి కార్యక్రమం చెబుతారు. ఏడింటికి భోజనం. ఈ ఆరూ ముప్పావు మాటల్ని తేలిగ్గా తీసుకుని గదిలోనే ఉండిపోయినవాళ్లు తర్వాత చాలా ఇబ్బంది పడ్డారు. రాత్రి పక్క మీద పెట్టే కాగితంలో సమయాలు ఉంటాయి గానీ, ఆ సమయాలు ఎందుకు మారాయో, ఇంకా ఏమేం మారవచ్చో ఆ పావుగంటలోనే చెబుతారు. భోజనంలో ఎవరెక్కడైనా కూర్చోవచ్చు. మాంసం, చేపలు తిననివాళ్లు బుక్ చేసేటప్పుడే రాసి ఉన్నా సరే, మొదటి రాత్రే భోజనశాల పెద్దను కలిసి మళ్లీ చెప్పాలి. మాంసం ఉడికించిన నీళ్లతో సూప్ చేయడం అక్కడ మామూలు. అడిగితే ముందురోజే మర్నాటి పట్టిక తెచ్చి, ఏది మార్చాలో మనతోనే గుర్తు పెట్టించుకున్నారు.

సెప్టెంబరు 7. పొద్దున ఊరు చూసి పన్నెండున్నరకు తిరిగొచ్చాం, ఒంటిగంటకు ఓడ కదిలింది. పై డెక్ మీద ఎండలో కూర్చుందామని వెళ్తే గొలుసు కట్టేసి ఉంది. కాలువ మీద వంతెనల కింద నీటికీ దూలానికీ మధ్య ఆరు మీటర్లే ఉంటుందట. గొడుగులన్నీ మడిచారు, కుర్చీలు బోర్లా పడుకోబెట్టారు, చుట్టూ కమ్మీలు వంచేశారు. చివరికి చుక్కాని గదే హైడ్రాలిక్ జాకీల మీద నెమ్మదిగా కిందికి దిగింది. కొన్ని వంతెనల దగ్గర కెప్టెన్ గది పైకప్పు తలుపు తెరిచి తల బయటపెట్టి నడిపాడు, దూలం వచ్చేసరికి తల లోపలికి తీసుకున్నాడు. పై డెక్ మళ్లీ తెరిచింది రెండు రోజుల తర్వాత. పై డెక్ చూసి డబ్బు కట్టినవాళ్లు ఈ సంగతి తెలుసుకుని ఉండాలి. కాలువ మీద గడిపేది లాంజ్ ముందున్న చిన్న వసారాలోనే. అక్కడ పది పన్నెండు మంది పడతారు, లాకు దగ్గరైతే అరగంట ముందే చోటు పట్టుకోవాలి.

ఆ మధ్యాహ్నం నాలుగు లాకులు ఎక్కాం: ఐబాఖ్, లేర్‌స్టెట్టెన్, ఎకర్స్‌మ్యూలెన్, హిల్పోల్ట్‌స్టైన్. చివరి మూడూ ఒక్కొక్కటి 24.67 మీటర్లు ఎత్తుతాయి. అంటే సుమారు ఎనిమిది అంతస్తుల మేడ. ఓడ మనిషి నడక వేగంతో లోపలికి దూరుతుంది. ముక్కు దగ్గర నిలబడ్డ కళాసీ రేడియోలో గోడకు ఎంత దూరమో చెబుతూ ఉంటాడు. మీటరు, అర మీటరు, ముప్ఫై, ఇరవై. కెప్టెన్ చుక్కాని గది వదిలి పక్కనున్న చిన్న పలక దగ్గర నిలబడి నడుపుతాడు. వెనక తలుపు మూసుకున్నాక వెలుగు సగానికి సగం పడిపోయింది. మా గది కిటికీకి మూరెడు దూరంలో గోడ. పచ్చటి పాకుడు, అందులో ఇరుక్కున్న చిన్న ఆల్చిప్పలు, పైనుంచి సన్నగా కారుతున్న నీళ్లు, ఇనుప నిచ్చెన మెట్లు. తడి సిమెంటు వాసన గదిలోకి వచ్చేసింది. చెయ్యి చాచితే అందుతుంది, కానీ చాచకూడదు. ఓడ ఒక జానెడు పక్కకు జరిగితే మణికట్టు నలిగిపోతుంది. ఆ మాట మైకులో రెండుసార్లు చెప్పారు, అయినా ఫొటోల కోసం చేతులు బయటపెట్టినవాళ్లను కళాసీలు గట్టిగానే కసిరారు. ఆ కసురు న్యాయమైనది.

మోకు తగిలించేది గోడలో అరలాంటి చోట తేలుతూ ఉండే ఇనుప గుంజకు. నీటితో పాటు గుంజా పైకి లేస్తుంది కాబట్టి మోకును మాటిమాటికీ మార్చే పని లేదు. అది లేచేటప్పుడు కీచుమని సాగదీసి అరుస్తుంది. తెలియనివాళ్లు ఓడ గోడకు రాసుకుంటోందని హడలిపోతారు. నీళ్లు అడుగు నుంచి వస్తాయి, పైకి సుడులు తిరుగుతాయి. ఎక్కడం ఒకే తీరున ఉండదు. కాస్త లేచి, ఒక క్షణం ఆగి, మళ్లీ లేస్తుంది. ఆ ఆగడానికి కారణం పక్కనున్న పొదుపు చెరువులు. లాకు ఖాళీ చేసినప్పుడు నీళ్లన్నీ కిందికి వదిలేయకుండా మెట్లు మెట్లుగా ఉన్న మూడు చెరువుల్లోకి పంపి దాచుకుంటారు, మళ్లీ నింపేటప్పుడు ముందు వాటినే వాడుకుంటారు. ఆ లెక్కన అరవై శాతం నీరు మిగులుతుంది. కొండ మీద కాలువ కదా, పైకి చేరిన ప్రతి చుక్కా కింద నుంచి పంపులతో ఎక్కించిందే. హిల్పోల్ట్‌స్టైన్ బయట సరుకు పడవ ఒకటి దిగుతోందని నలభై నిమిషాలు ఆగాం. మిగతా లాకుల్లో దూరడం, నిండడం, బయటపడడం అన్నీ కలిపి అరగంట చొప్పున పట్టింది. సాయంత్రం ఆరు దాటాక సముద్రమట్టానికి 406 మీటర్ల ఎత్తున ఉన్న శిఖర భాగంలోకి వచ్చాం. 1992లో కాలువ పూర్తయ్యాకే ఈ దారి ఏర్పడింది. ఒడ్డున నీళ్లు ఇటు ఉత్తర సముద్రానికీ అటు నల్ల సముద్రానికీ విడిపోయే చోటును చూపించే పొడవాటి కాంక్రీటు గోడ కనిపించింది. ఓడలో కూర్చుని కొండ ఎక్కామన్న సంగతి ఒంటికి పట్టింది అక్కడే. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ రాత్రి ఐదు లాకులు దిగాలి. బాఖ్‌హౌజెన్ ఎనిమిదింటికి, చివరిదైన కేల్‌హైమ్ తెల్లవారుజామున మూడు దాటాక. ప్రతిచోటా లాకు దీపాలు తెరల సందుల్లోంచి ముఖం మీద పడతాయి, ఓడ గోడకు ఆనినప్పుడు ధడ్‌మని ఒక చప్పుడు. అది ప్రమాదం కాదు, పక్కన వేలాడదీసిన దిమ్మెలు గోడకు తగిలే చప్పుడు. కళ్లకు గుడ్డ, చెవుల్లో దూది ఉన్నవాళ్లు నిద్రపోయారు. లాకు లోతుల్లో వైఫై, ఫోను రెండూ పోతాయి. ఇంటికి ఫోను చేయాలంటే లాకులు లేని వేళ చూసుకోవాలి.

బాఖ్‌హౌజెన్ దాటకముందే, ఆరూ ముప్పావు మాటల్లో, మొదటిసారి నీటిమట్టం ప్రస్తావన వచ్చింది. రీగెన్స్‌బర్గ్ దిగువన స్ట్రౌబింగ్ నుంచి విల్స్‌హోఫెన్ దాకా సుమారు 70 కిలోమీటర్లు డాన్యూబ్‌కు ఆనకట్ట లేదు. అక్కడ ఆనకట్ట కట్టకూడదని 2013లో బవేరియా ప్రభుత్వం నిర్ణయించింది. ఆనకట్టలున్న చోట్ల వానలు లేకపోయినా అవి మట్టాన్ని పట్టి ఉంచుతాయి. ఈ ముక్కలో మాత్రం నది తన ఇష్టం. వేసవి చివర్లో నీళ్లు తీశాయంటే ఓడ అడుగు తగులుతుంది. మా ఓడ నీటిలో మునిగే లోతు ఒకటిన్నర మీటరు పైమాటే. "రేపు మధ్యాహ్నం చెబుతాం" అన్నారు. భోజనాల దగ్గర అందరి చేతుల్లో ఫోన్లే. జర్మనీ జలమార్గాల సమాచారం ఎల్విస్ అనే సైటులో ఉంటుంది, కొలబద్దల అంకెలు అందులో చూడవచ్చు. ఒక్క పొరపాటు మాత్రం చేయకూడదు, ఆ రాత్రి సగం మంది చేసింది అదే. కొలబద్ద మీద 250 సెంటీమీటర్లు అని ఉంటే నదిలో రెండున్నర మీటర్ల లోతుందని కాదు. కొలబద్ద సున్నా నది అడుగు దగ్గర ఉండదు, ఒక్కోచోట ఒక్కో ఎత్తులో పెట్టి ఉంటుంది. చూడాల్సింది నిన్నటి అంకెకూ నేటి అంకెకూ తేడా. అది రోజూ నాలుగైదు సెంటీమీటర్లు పడిపోతూ ఉంటే పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టవచ్చు.

సెప్టెంబరు 8 రీగెన్స్‌బర్గ్. పన్నెండో శతాబ్దపు రాతి వంతెన తోరణాల కింద పెద్ద ఓడలు పట్టవు, పక్క కాలువలోని లాకు గుండా తప్పించుకుపోతాయి. ఊరు చూస్తున్నామన్న మాటే గానీ మనసు ఓడ దగ్గరే ఉంది. మధ్యాహ్నం చెబుతామన్న కబురు సాయంత్రం దాకా రాలేదు. అది నాకు కష్టంగానే అనిపించింది. నిర్ణయం కాలేదన్న ముక్కైనా మధ్యాహ్నమే చెప్పి ఉంటే బాగుండేది. సాయంత్రం ఆరూ ముప్పావుకు ఖరారు చేశారు. పస్సావు నుంచి అదే కంపెనీ ఓడ ఇంకొకటి ఎగువకు రాలేక అక్కడే ఆగిపోయింది. రేపు వాళ్లు బస్సుల్లో ఇక్కడికి వచ్చి మన గదుల్లో దిగుతారు, మనం అక్కడికి వెళ్లి వాళ్ల గదుల్లో దిగుతాం. గది నంబరు అదే. కొందరికి కళ్లనీళ్లు తిరిగాయి. ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బుతో వచ్చినవాళ్లు వాళ్లు. నాకూ గొంతు పట్టేసింది. కానీ ఓడ ఇసుకలో కూరుకుంటే రెండు మూడు రోజులు మధ్యలోనే ఉండిపోవాలి, దానికంటే ఈ దారే నయం.

ఓడ మారడంలో జరిగేది ఇది. పెట్టెలు ఉదయం ఏడుకల్లా గది బయట పెట్టాలి. తొమ్మిదికి బస్సులు. పస్సావు 120 కిలోమీటర్లు, మధ్యలో ఒక్కసారి ఆగి పదకొండుకు చేరాం. గదులు ఇచ్చింది మూడుకు. అంటే నాలుగు గంటలు ఊళ్లోనే, చేతిసంచితో. ఆ సంచిలో ఏమేం ఉండాలో రాత్రే రాసుకోవాలి. గోడ లాకరులోని నగదు, నగలు, స్నానాల గదిలోని కళ్లజోడు, మంచం పక్క గోడకు గుచ్చి ఉన్న చార్జర్లు. అందరూ మర్చిపోయేది ఫ్రిజ్. మా వరుసలో ఒకరి ఇన్సులిన్ పెన్నులు పాత ఓడ ఫ్రిజ్‌లోనే ఉండిపోయాయి. బస్సు గంట దూరం వెళ్లాక గుర్తొచ్చింది. మా వెనక వచ్చిన సామాను వ్యానులో అవి సాయంత్రం ఐదున్నరకు అందాయి, ఈలోపు ఆవిడ పస్సావులో మందుల షాపులు తిరగాల్సి వచ్చింది. నది ఓడల్లో మామూలుగా వైద్యుడు ఉండడు. ఏం కావాలన్నా ఒడ్డున ఉన్న ఊళ్లోనే. కాబట్టి చల్లగా ఉంచాల్సిన మందు ఉన్నవాళ్లు ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి దాని మీద గది తాళం పెట్టుకోవాలి. తాళం తీస్తే తప్ప గది దాటరు కదా.

ఉతకడానికి ఇచ్చిన బట్టల సంగతి కూడా అడిగి తెలుసుకోవాలి. ఏడో తేదీన వేసిన మా చొక్కాలు రెండు తడిగానే సంచిలో కట్టి ఇచ్చారు. పాస్‌పోర్టులను ఓడవాళ్లే పెట్టెలో పెట్టి తెచ్చారు, ఖాతా కూడా కొత్త ఓడకు మార్చారు. అయితే మార్చిన ఖాతాను ఆ రాత్రే ఒకసారి అచ్చు తీయించి చూసుకోవాలి. మాది రెండు నీళ్ల సీసాల లెక్క రెండుసార్లు పడింది, అడగ్గానే తీసేశారు. సిబ్బంది మాత్రం మాతో రాలేదు. రెండు రోజుల్లో మన తిండి అలవాట్లు నేర్చుకున్నవాళ్లు అక్కడే ఉండిపోయారు. మొదటి ఓడవాళ్లకు ఇవ్వాల్సిన బహుమతి డబ్బు దిగే ముందే కవరులో పెట్టి ఇచ్చి రావాలి. ఆ రాత్రి హడావుడిలో అది తోచలేదు, తర్వాత రిసెప్షన్ ద్వారా పంపించాం. కొత్త భోజనశాలలో మన పత్యం మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.

పస్సావులో ఆ నాలుగు గంటలూ ఊరికే పోలేదు. పాత పురపాలక భవనం గోపురం గోడ మీద వరదల గీతలున్నాయి. 2013 జూన్ వరదలో నది 12.89 మీటర్లకు వచ్చిన గీత తల మీద చాలా ఎత్తున ఉంది. నీళ్లు లేక ఓడ మారిన రోజున దాని కింద నిలబడి తల ఎత్తి చూశాం. నీళ్లు తగ్గినా ఆగిపోతారు, మట్టం ఒక హద్దు దాటితే రాకపోకలు పూర్తిగా ఆపేస్తారు. వరద వేళ వంతెనల కింద చోటు ఉండదు, లాకులు మూసేస్తారు. ఊరి చివర మూడు నదులు కలిసే కొసకు వెళ్తే దిగువన ఇక ఓడ మారనక్కర్లేదని ఎందుకన్నారో కళ్లకే తెలిసింది. ఆల్ప్స్ నుంచి వచ్చే ఇన్ నది లేత ఆకుపచ్చగా, వెడల్పుగా దూసుకొస్తోంది. సగటున అది తెచ్చే నీరు డాన్యూబ్ నీటికంటే ఎక్కువ. ఇల్జ్ చిన్నది, నల్లగా ఉంటుంది. మూడు రంగులూ కొంతదూరం కలవకుండానే పోయాయి.

సాయంత్రం ఆరుకు పస్సావు వదిలాం. పై డెక్ తెరిచారు. రాత్రంతా లాకులే, కానీ ఆస్ట్రియా లాకు గదులు 24 మీటర్ల వెడల్పు, రెండు ఓడలు పక్కపక్కనే పడతాయి. గోడ కిటికీకి అంటుకోదు, అంత చప్పుడూ ఉండదు. సెప్టెంబరు 10న మెల్క్. మఠం చూసి ఒంటిగంటకు బయలుదేరితే క్రెమ్స్ దాకా 36 కిలోమీటర్ల వాఖావ్ లోయ. ద్రాక్షతోటలు, డ్యూర్న్‌స్టైన్ దగ్గర నీలి గోపురం. దిగువకు పోతున్నాం కాబట్టి రెండు గంటల్లో అయిపోతుంది, ఎదురెక్కే ఓడకైతే చాలా ఎక్కువ పడుతుంది. భోజనం మానేసైనా పైన కూర్చోవాల్సిన రెండు గంటలు ఇవే. ఆ పూట భోజనం పన్నెండుకే పెట్టమని చాలామంది అడిగారు, పెట్టారు కూడా.

ఒడ్డున తెల్ల పలకల మీద కిలోమీటర్ల అంకెలుంటాయి. డాన్యూబ్‌లో లెక్క సముద్రం దగ్గర సున్నాతో మొదలై ఎగువకు పెరుగుతుంది. కాలువ కలిసే కేల్‌హైమ్ దగ్గర 2411, బుడాపెస్ట్ దగ్గర 1647. ఫోను పనిచేయని చోట కూడా ఎక్కడున్నామో ఈ అంకె చూసి చెప్పేయవచ్చు. చుక్కాని గది చూపించినప్పుడు ఇంకొకటి తెలిసింది. ఎదురుగా వచ్చే ఓడ ఏ పక్క నుంచి తప్పుకోవాలో చూపించేది ఎగువకు ఎక్కే ఓడ. కుడి పక్కలు ఎదురుపడేలా దాటాలంటే ఒక నీలి పలక లేపి మధ్యలో తెల్ల దీపం మిణుకుమిణుకు వెలిగిస్తుంది. దిగువకు వచ్చే ఓడా అదే పలక లేపి ఒప్పుకుంటుంది. ఇద్దరు కెప్టెన్లు వంతులవారీగా నడుపుతారు, ఓడ రాత్రీ పగలూ ఆగదు.

సెప్టెంబరు 11 వియన్నా. రైహ్స్‌బ్రూకె వంతెన దగ్గరి రేవు. రేవులో చోటు తక్కువ, ఓడలెక్కువ. అందుకని ఒకదాని పక్కన ఒకటి కట్టేస్తారు, మాది మూడోది. ఒడ్డుకు వెళ్లాలంటే మెట్లెక్కి పై డెక్ మీదికి వెళ్లి, పక్క ఓడ డెక్ మీదికి దాటి, దాని మీది నుంచి ఇంకోదాని మీదికి. లిఫ్టు పై డెక్ దాకా రాదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇది నిజమైన కష్టం. ముందురోజే రిసెప్షన్‌లో చెబితే మధ్య అంతస్తు తలుపులు ఎదురుబొదురుగా పడినప్పుడు అటు నుంచి పంపుతారు, పడకపోతే వాళ్లకూ చేయగలిగింది లేదు. కిటికీ తెర తీస్తే రెండడుగుల దూరంలో వేరేవాళ్ల మంచం కనిపించింది. సాయంత్రం దాకా తెర వేసే ఉంచాం. బాల్కనీ గదికి ఎక్కువ డబ్బు కట్టాలా అని అడిగితే నేను వద్దనే చెబుతాను. లాకుల్లో గోడ, రేవుల్లో పక్క ఓడ, వాఖావ్‌లో ఎలాగూ పైనే ఉంటాం. రేవు నుంచి ఫోర్గార్టెన్‌స్ట్రాసె స్టేషను నడిచే దూరమే, యు1 మెట్రో ఎక్కితే నేరుగా ఊరి నడిబొడ్డుకు వెళ్లిపోతాం. రాత్రి పదిన్నరకల్లా ఓడలో ఉండాలన్నారు. తిరిగొచ్చేసరికి మన ఓడ వరుసలో చోటు మారి ఉండవచ్చు. పేరు చూసుకుని ఎక్కాలి.

సెప్టెంబరు 12 తెల్లవారుజామున స్లొవేకియాలోని గాబ్చికోవో లాకు, 34 మీటర్ల వెడల్పు. అందులో మా ఓడ చెరువులో దోనెలా ఉంది. తర్వాత రోజంతా ఎక్కడా లాకు లేదు, అడవి, ఇసుక తిన్నెలు, కొంగలు. ఎనిమిది రోజుల్లో ఓడలోనే కుదురుగా గడిపిన పగలు ఇది ఒక్కటే. నాలుగుకు బుడాపెస్ట్. ఓడలో యూరోలే గానీ ఊళ్లో ఫోరింట్లు, కొన్ని చిన్న దుకాణాల్లో యూరోలు తీసుకున్నా లెక్క మనకు నష్టంగానే కడతారు. రాత్రి తొమ్మిదికి ఓడ మళ్లీ మోకులు విప్పి వంతెనల కింద ఒక చుట్టు తిప్పింది. పార్లమెంటు దీపాలు నీళ్లలో పడి కదులుతున్నాయి. పై డెక్ మీద చలి బాగా ఉంది, దుప్పటి అడిగితే ఇస్తారు.

ఆ రాత్రే లెక్కలు తేల్చాలి. సిబ్బంది బహుమతి మా కాగితంలో మనిషికి రోజుకు 12 యూరోలని సూచించారు. తప్పనిసరి కాదు, కానీ రోజుకు పద్నాలుగు గంటలు నిలబడి, అన్నిటికంటే కింది అంతస్తులో ఇద్దరికొక గదిలో పడుకునేవాళ్లకు అది చేరుతుంది. బట్టలు ఉతికించుకోవడం ఒక్కొక్క బట్టకు లెక్క, అది ఖరీదు. సబ్బుపొడి పొట్లం, ఒక తాడు తెచ్చుకుంటే స్నానాల గదిలో రాత్రికి ఆరిపోతాయి. పాస్‌పోర్టులు రాత్రి పదికి తిరిగి ఇచ్చారు. పెట్టెలు విమానాల వేళను బట్టి రంగు చీటీలతో తెల్లవారేలోగా గది బయట ఉండాలి. 13న ఎనిమిదింటికి గది, తొమ్మిదికి ఓడ ఖాళీ.

తిరిగొచ్చాక ఓడ మార్పుకు పరిహారం అడిగాం. సెప్టెంబరు 16న రాస్తే అక్టోబరు 3న జవాబు వచ్చింది. నీటిమట్టం వల్ల దారి మారినా, బస్సు ఎక్కించినా, ఓడ మార్చినా అది ఒప్పందంలో ఉన్నదేనని, రాత్రులూ చూడాల్సిన ఊళ్లూ తగ్గలేదు కాబట్టి డబ్బు రాదని. బీమా కంపెనీదీ అదే మాట. బుక్ చేసే ముందు ఆ షరతులో రెండు చోట్లు చూడండి: రాత్రులు ఓడలో కాకుండా హోటల్లో గడపాల్సి వస్తే ఎంత ఇస్తారు, ఎన్ని రాత్రులు దాటితే ఇస్తారు. మాకు అందింది రీగెన్స్‌బర్గ్ నుంచి పస్సావు దాకా పోయిన పగటి ప్రయాణానికి బదులు, తర్వాతి ప్రయాణంలో వాడుకోవడానికి ఒక తగ్గింపు కూపను. గడువు ఏడాది.